జమ్ములమ్మ తిమ్మప్ప అయిన నెల

మా బడిలో మధ్యాహ్నం అన్నం వండే జమ్ములమ్మకు, నలభై ఆరేళ్లు వచ్చేదాకా తనలో ఒక నటి ఉందని తెలియదు. మాకు మాత్రం ఎప్పుడో తెలుసు. హెడ్మాస్టరు సెలవు పెట్టిన రోజు ఆయన దగ్గు వంటగదిలోంచి వినిపించేది. పోయి చూస్తే జమ్ములమ్మ గరిటె పట్టుకొని, లేని కళ్లద్దాలను కొంగుతో తుడుస్తూ, "పప్పుల ఉప్పు చూసినవా నర్సమ్మా?" అని అచ్చం ఆయన గొంతుతో అడుగుతుండేది. నర్సమ్మ ఆమెకు వంటలో తోడు. నవ్వు ఆపుకోలేక పొయ్యి పక్కనే కూలబడేది.

నా పేరు అర్చన. మాది వనపర్తి. వడ్డేపల్లి మండలంలోని ఈ ఊరి బడికి టీచరుగా వచ్చి ఆరేళ్లవుతుంది. జమ్ములమ్మది ఈ ఊరే. ఐదో తరగతి దాకా ఇదే బడిలో చదివింది. భర్త నర్సింహులు మూడెకరాల్లో సీడు పత్తి, మిరప పండిస్తాడు. బిడ్డ ప్రవళిక నాగర్‌కర్నూల్‌లో నర్సింగ్ చదువుతోంది. మనిషి మంచి పొడగరి. వంటగది గడపకు తలవంచి లోపలికి పోవాల్సిందే.

చిన్నప్పుడు ఊళ్లోకి బయలాట వచ్చేదట. ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టేవారు. జమ్ములమ్మ మిద్దె మీద పడుకొని, గడ్డం కింద చేతులు పెట్టుకొని తెల్లారేదాకా చూసేది. పొద్దున్నే ఇంట్లో పాత్రలన్నీ ఒక్కతే ఆడి చూపిస్తే వాళ్లమ్మ చీపురు తిరగేసిందట. "మగోళ్లు చీర కట్టి కులికితె అందరు చప్పట్లు కొట్టిరి. నేను మీసం పెట్టుకుంటె చీపురు దెబ్బలు!" అని ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

ఈ ఏడాది జనవరిలో మండల మహిళా సమాఖ్య నుంచి కబురు వచ్చింది. మార్చి ఎనిమిదిన వనపర్తిలో మూడు జిల్లాల మహిళా సంఘాలకు నాటక పోటీలు. ఇరవై నిమిషాల నాటకం, అన్ని పాత్రలూ ఆడవాళ్లే వేయాలి. మా ఊరి సంఘం వాళ్లు నన్ను రాయమన్నారు. నేను 'కోడి పంచాయితీ' అని ఒకటి రాశాను. తోడికోడళ్లు ఇద్దరు. పెద్దకోడలి కోడిపెట్ట పోతుంది. చిన్నకోడలే కోసుకు తిన్నదని గొడవ. ఊరి పెద్దమనిషి తిమ్మప్ప పంచాయితీ చేసి, చిన్నకోడలిదే తప్పని, ఇద్దరూ ఏడాదిపాటు మాట్లాడుకోవద్దని తీర్పు చెబుతాడు. ఆఖరికి కోడి తిమ్మప్ప ఇంటి అటక మీదినుంచి పిల్లలతో సహా దిగొస్తుంది. అంతే కథ.

పెద్దకోడలుగా నర్సమ్మ, చిన్నకోడలుగా బట్టలు కుట్టే వనజ. తిమ్మప్ప ఎవరని నేను అడగకముందే అందరూ జమ్ములమ్మ వైపు చూశారు.

మొదటి రోజు సాయంత్రం బడి వరండాలో రిహార్సల్. జమ్ములమ్మ గొంగడిలోంచి నల్లటి ఉన్ని పీకి, బట్టకు కుట్టి మీసం తయారు చేసుకొచ్చింది. ఛాతీ ముందుకు పెట్టి, నేల దద్దరిల్లేలా అడుగులేస్తూ, మీసం మెలేస్తూ, "ఎవడ్రా అక్కడ!" అని గర్జించింది. మేమంతా పొట్టలు పట్టుకొని నవ్వాం. రెండో రోజు కొంచెం నవ్వాం. మూడో రోజు ఎవరికీ నవ్వు రాలేదు.

వనజ మొహమాటం లేని మనిషి. "అక్కా, తిమ్మప్ప కనపడ్తలేడు. నువ్వు మీసం పెట్టుకొని ఒర్రుతున్నట్టే ఉంది" అంది.

జమ్ములమ్మ మీసం తీసి చేతిలో పెట్టుకొని నన్ను చూసింది. "నిజమా మేడం?"

"నిజమే అక్కా. కానీ ఎట్లా సరిచేయాలో నాకూ తెలియదు."

"మీకు తెల్వకపోతే నేనే ఎతుక్కుంట" అంది.

ఆ వారం రెండో శనివారం, బడికి సెలవు. నర్సింహులు రెండు మేకలు కొనడానికి పెబ్బేరు సంతకు బయలుదేరితే జమ్ములమ్మ కూడా బండెక్కింది. ఎందుకని అడిగితే చెప్పలేదట. సోమవారం నర్సింహులు నాకు దారిలో ఎదురై, "నేను మేకల నోరు తెరిచి పండ్లు చూస్తున్న మేడం. ఇది మేకలు కొనేటోళ్లను చూస్తున్నది. ఒకాయన ఎన్క ఎన్క తిరిగింది. ఆయన పరేషానై, 'ఎవరమ్మా నువ్వు, మా చుట్టాల పిల్లవా?' అని అడిగిండు" అని చెప్పాడు.

ఆ రోజు సాయంత్రం జమ్ములమ్మ వస్తూనే అంది. "మేడం, ఒక సంగతి చెప్త. మనం కూసునే ముందర ఎనక్కి చూస్తం."

"అంటే?"

"కుర్చీ ఉందా, తడి ఉందా, చీర యాడన్న చిక్కుతదా అని చూస్తం. ఆ సంతల పెద్ద బేరగాడు ఒకాయన ఉన్నడు. మాట్లాడుకుంటనే కూసున్నడు. ఎన్కకు చూడనే లేదు. ఆయన నడుము వంగేలోపల ఎవరో స్టూలు జరిపిండ్రు. ఎవరో ఒకరు జరుపుతరని ఆయనకు ఎర్క. పెద్దరికమంటె గదే మేడం. ఒర్రుడు కాదు."

నేను బీఈడీ చదివాను, కాలేజీలో నాటకాలు వేశాను. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా మనుషులు ఎట్లా కూర్చుంటారో చూడలేదు.

ఇక ఆ కూర్చోవడం నేర్చుకోవడానికి పది రోజులు పట్టింది. వనజ స్టూలు జరపాలి, జమ్ములమ్మ చూడకుండా కూర్చోవాలి. మొదటి రోజు వనజ మాటల్లో పడి మరిచిపోయింది. జమ్ములమ్మ ధబాలున నేల మీద పడింది. పడ్డా లేవకుండా, తిమ్మప్ప లాగానే చుట్టూ చూసి, "ఊఁ, కిందనే చల్లగుంది" అంది. ఆ తర్వాత స్టూలు బాధ్యత నర్సమ్మ తీసుకుంది. పదకొండో రోజు జమ్ములమ్మ మెడ వెనక్కి తిరగలేదు. "నర్సమ్మ ఏస్తదని నమ్మినంక కూసునుడు వచ్చింది" అంది.

మరో నాలుగు రోజులకు నర్సింహులు బడికొచ్చాడు. చెప్పులు వరండా మెట్ల దగ్గర విడిచి, గోడ పక్కన నిలబడ్డాడు.

"మేడం, ఈ నాటకం ఎన్నడయిపోతది?"

"మార్చి ఎనిమిదిన అన్నా. ఏమైంది?"

"నిన్న నేను మంచం మీద పండుకొని ఫోను చూస్తున్న. ఇది వచ్చి నిలబడ్డది. ఏమనలే. ఊకె నిలబడ్డది. నేను లేసి మంచం ఇచ్చిన. ఇచ్చినంక యాదికొచ్చింది, అది నా మంచం గదా అని!"

నేను నవ్వు బిగబట్టుకున్నాను.

"ఇగ విను. కూసొని, 'నీళ్లు' అన్నది. గట్టిగ గాదు, సన్నగ. తెచ్చిచ్చిన. ఇరవై ఆరేండ్ల కాపురంల నేను నీళ్లు తెచ్చిచ్చుడు గిదే మొదలు."

"తాగి ఏమంది?"

"ఊఁ అన్నది. మా నాయిన గూడ గట్లనే అనేటోడు." ఫిర్యాదు చేయడానికి వచ్చినవాడు అక్కడికి రాగానే తనే పడి పడి నవ్వాడు. పోతూ పోతూ వెనక్కి తిరిగి, "మంచిగనే చేస్తుందా మేడం?" అని మెల్లగా అడిగాడు. చాలా బాగా చేస్తోందంటే మొహం విప్పారింది.

నడక వచ్చింది, కూర్చోవడం వచ్చింది, గొంతు వచ్చింది. అయినా తీర్పు చెప్పే ఘట్టం దగ్గర ఏదో వెలితి. తీర్పుకు ముందు జమ్ములమ్మ తువ్వాలను ఈ భుజం మీదినుంచి ఆ భుజం మీదికి వేసుకునేది. సంతలో ఆ బేరగాడు అట్లా వేసుకుంటుండగా చూసి నేర్చుకుంది.

"ఎందుకు వేసుకుంటాడక్కా అట్లా?" అని అడిగాను.

"పెద్దమనుషులు గట్లనే ఏస్కుంటరు గద."

"అదే, ఎందుకని?"

"తెల్వదు మేడం. తెల్సినోళ్లను అడుగుదాం పాండి."

తెలిసినాయన పోచయ్య. ఎనభై దాటాయి. ముప్పై ఏళ్లు ఊరి పంచాయితీలన్నీ ఆయన ఇంటి ముందే నడిచాయి. ఇప్పుడు గొడవలొస్తే జనం స్టేషనుకో సర్పంచు దగ్గరికో పోతున్నారు. ఆదివారం పొద్దున మేం పోయేసరికి ఆయన సిమెంటు మెట్ల మీద కూర్చొని పల్లికాయ ఒలుస్తున్నాడు. చుట్టూ కోళ్లు.

జమ్ములమ్మ ఆయన పక్కనే కింది మెట్టు మీద కూర్చొని సంగతి చెప్పింది. పోచయ్య ఒలవడం ఆపాడు.

"అంటే, నన్ను ఎగతాళి చేస్తరా?"

నేను సర్దిచెప్పబోయాను. జమ్ములమ్మ నాకంటే ముందే, "చేస్త పెద్దనాయినా. గాని నిన్ను అడిగి చేస్త" అంది.

ముసలాయన ఆమె మొహం కేసి ఒక్క నిమిషం చూసి గట్టిగా నవ్వాడు. పల్లికాయ గంప ఆమె వైపు జరిపాడు. "అయితే ఒలుసుకుంట అడుగు."

"పంచాయితీల తీర్పు చెప్పే ముందర తువ్వాల ఈ దిక్కుకెల్లి ఆ దిక్కు ఏస్కుంటుంటివి గద. దర్జాకేనా?"

"దర్జానా!" పోచయ్య తల అడ్డంగా ఊపాడు. "ఏం చెప్పాలెనో తెల్వక బిడ్డా. ఇద్దరు నా నోరు చూస్తుంటరు. ఊరంత చూస్తుంటది. నాకు లోపల గుండె దడదడ. తువ్వాల తీస్తి, దులిపితి, మడిచితి, ఏస్కుంటి. అంతల ఒక మాట దొరికేది. ఒక్కోపారి దొరక్కపోతే మళ్లీ తీసి దులుపుదును. జనం ఏమనుకునేటోళ్లో తెల్సా? పోచయ్యకు కోపమొచ్చింది అనుకునేటోళ్లు."

జమ్ములమ్మ చేతిలో పల్లికాయ అట్లాగే ఉండిపోయింది.

"ఇంకొకటి చెప్త. గట్టిగ మాట్లాడితె ఎదుటోడు గూడ గట్టిగ మాట్లాడ్తడు. సన్నగ మాట్లాడితె ఇనేటందుకు అందరు ముందుకు వంగుతరు. వంగినోడు కొట్లాడలేడు."

నేను ఆ మాట నోటుబుక్కులో రాసుకున్నాను. జమ్ములమ్మ మాత్రం ఇంకేదో అడిగింది. "ఎప్పుడన్న తప్పు చెప్పినవా పెద్దనాయినా?"

కోడి ఒకటి గంపలో ముక్కు పెడితే ఆయన అదిలించి చెప్పాడు. మా ఊరి ప్రభుదాసుకూ వాళ్ల అన్నకూ ఒకప్పుడు బాయి నీళ్ల వంతు మీద గొడవైందట. పోచయ్య అన్న మాట నమ్మి, ప్రభుదాసుదే తప్పన్నాడు. మర్నాడు పొలం దిక్కు పోతే తనే కళ్లారా చూశాడు, అన్న రెండు వంతులూ వాడుకుంటున్నాడు. "ప్రభుదాసు ఇంటి దర్వాజ దాక పోయిన బిడ్డా. నిలబడ్డ. తువ్వాల దులిపిన. మళ్లొచ్చిన. ముప్పై ఏండ్లయింది."

జమ్ములమ్మ గంప సగమయ్యేదాకా ఆయనతో పాటు ఒలిచి, చేతులు దులుపుకొని లేచింది.

ఆ మర్నాటి నుంచి నాకు ప్రశ్నలు మొదలయ్యాయి. పప్పు కలుపుతూ కిటికీలోంచి పిలిచేది. "మేడం, తిమ్మప్ప పెండ్లాం పేరేంది?" నేను రాయలేదన్నాను. "శంకరమ్మ అని పెట్టుకుంట. ఉందా, సచ్చిపోయిందా?" అదీ రాయలేదు. "సచ్చిపోయింది. రెండేండ్లాయె. ఈయనే వండుకుంటడు. పొద్దున ఏం తిన్నడు? రాత్రి మిగిలిన రొట్టె తిన్నడు." ఇట్లా రోజుకొకటి. ఒకరోజు అన్నం వడ్డన మధ్యలో వచ్చి, "ఆయన పంచాయితీ ఎందుకు అంత లాగుతడో తెల్సింది. అది అయిపోతే అందరు పోతరు. మల్ల ఇంట్ల ఒక్కడే ఉండాలె" అని చెప్పి, మళ్లీ పోయి పిల్లలకు పులుసు పోసింది.

ఆ సాయంత్రం రిహార్సల్లో ఆమె తువ్వాల తీసింది. దులిపింది. మడిచింది. పెద్దమనిషికి మాట దొరకడం లేదని మాకందరికీ తెలిసింది. వనజ తన మాట అందుకోవడం మరిచి ఆమెనే చూస్తూ నిలబడిపోయింది.

మాకు గొడవైంది కూడా ఆ రోజే. నాటకం చివర కోడి తిమ్మప్ప ఇంట్లోంచి వచ్చినప్పుడు ఆయన, "కోడి నాది కాదు, నేనే కోడి చుట్టాన్ని" అని నవ్వేసి పోతాడని రాశాను. ఆ జోకు నాకు చాలా ఇష్టం.

"తిమ్మప్ప గట్ల అనడు మేడం" అంది జమ్ములమ్మ.

"జోకు బాగాలేదా?"

"మంచిగుంది. గాని అది మీ జోకు. ఆయనది కాదు. ఆయనకు ఆడ నవ్వు రాదు."

"మరి ఏమంటాడు?"

"ఇంకా తెల్వదు. నిలబడ్డప్పుడు తెలుస్తది."

నాటకం ఆఖరి మాట తెలియకుండా పోటీకి ఎట్లా పోతాం? రెండు రోజులు నేను ముభావంగా ఉన్నాను. ఆమె మాత్రం నాకు రోజూ లాగానే గిన్నె అడుగున గడ్డ పెరుగు తీసిపెట్టింది. మూడో రోజు నేనే పోయి, "నీ ఇష్టం అక్కా" అన్నాను.

మార్చి ఎనిమిది పొద్దున వ్యాను మాట్లాడుకొని బయలుదేరాం. మేం ఎక్కేసరికి ముందు సీట్లో పోచయ్య కూర్చొని ఉన్నాడు, ఉతికిన తెల్ల పంచె కట్టుకొని. ఎవరూ పిలవలేదు. ఎవరూ దిగమనలేదు. నర్సమ్మ తన కోడిపెట్టను గంపలో పెట్టి ఒళ్లో పెట్టుకుంది. నాటకానికి అసలు కోడే కావాలని పట్టుబట్టింది తనే. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతుంటే అందరం చేతులు జోడించాం. పెబ్బేరు రాగానే జమ్ములమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి సంత స్థలానికి కూడా ఒక దండం పెట్టింది.

వనపర్తిలో హాలు వెనక వ్యాను చాటున నర్సింహులు తన పంచెను జమ్ములమ్మకు తనే కట్టాడు. "గోచి గట్టిగ పెట్టిన. ఉరికినా ఊడదు" అని చుట్టూ ఒకసారి తిరిగి చూసుకున్నాడు. మీసం నేను అంటించాను.

స్టేజీ వెనక తలుపు దగ్గర వాలంటీరు పిల్ల ఒకతి చేయి అడ్డం పెట్టింది. "పెద్దాయనా, ఇటు ఆడవాళ్లే రావాలె. మగవాళ్లు ముందునుంచి పోవాలె."

నేను చెప్పబోతుంటే జమ్ములమ్మ నా చేయి గిల్లింది. ఆ పిల్ల వైపు నెమ్మదిగా తిరిగింది. కోపం లేదు, తొందరా లేదు. "కుర్చీ" అంది, వినీ వినపడనట్టు.

ఆ పిల్ల ముందుకు వంగి, "ఏంటి పెద్దాయనా?" అని, మరుక్షణం లోపలికి ఉరికి కుర్చీ తెచ్చింది. జమ్ములమ్మ వెనక్కి చూడకుండా కూర్చుంది. "నీళ్లు." నీళ్లూ వచ్చాయి. తాగి, "ఊఁ" అని, గ్లాసు చేతికిస్తూ, "నేను గూడ ఆడిదాన్నే బిడ్డా. వడ్డేపల్లి కాడ బడిల అన్నం వండుత" అంది. ఆ పిల్ల కేక పెట్టిన తీరుకు పక్క గదిలో ముస్తాబవుతున్న వాళ్లంతా బయటికొచ్చారు. ఆమెతో ఫొటోలు దిగడానికి వరస కట్టారు.

నాటకం మొదలైంది. రంగు వేసిన అట్ట తలుపు ఒకటి తిమ్మప్ప ఇల్లు. దాని వెనక కోడి గంప పట్టుకొని నేను కూర్చున్నాను. ఆఖరి ఘట్టంలో కోడిని వదలడం నా పని. నర్సమ్మ, వనజ జుట్లు పట్టుకున్నంత పని చేస్తుంటే హాలంతా నవ్వులు. తిమ్మప్ప వచ్చాడు. ఆ నడకకే నవ్వులు ఆగిపోయాయి. మాట్లాడుకుంటూనే కూర్చున్నాడు. సన్నగా మాట్లాడాడు. ముందు వరసల వాళ్లు నిజంగానే ముందుకు వంగారు. నేను అట్ట సందులోంచి చూస్తూ ఒళ్లు మరిచాను. గంప మీద చేయి ఎప్పుడు జారిందో తెలియదు.

కోడి బయటికి నడిచింది. తీర్పు ఇంకా రానే లేదు. తిమ్మప్ప ఇంటి తలుపులోంచి దర్జాగా వచ్చి, తన కోసమే కొట్లాడుకుంటున్న తోడికోడళ్ల మధ్య నిలబడి, "కొక్కొక్కో" అంది.

హాలంతా గొల్లున నవ్వింది. వనజ నోరు తెరిచి మూయలేదు. నేను తలపట్టుకున్నాను. అయిపోయింది, నాటకం పోయింది అనుకున్నాను.

జమ్ములమ్మ కోడి వైపు చూసింది. తువ్వాల తీసింది. దులిపింది. మడిచింది. నవ్వులు సద్దుమణిగాయి. అప్పుడు కోడితో, ఒక మనిషితో మాట్లాడినట్టే, "నువ్వు సాక్షివా? నీ వంతు రాలే. జర పక్కకు కూసో" అంది.

హాలు కప్పు లేచిపోయిందనుకున్నాను. చిత్రమేమంటే కోడి కూడా పక్కకు జరిగి ఆమె కాళ్ల దగ్గర కూలబడింది.

నర్సమ్మ పొయ్యి ముందు ఎంత చురుకో ఆ రోజు స్టేజీ మీదా అంతే చురుకు. "మామా, సాక్షి సంగతి తర్వాత. నా కోడి మీ ఇంట్లకెల్లి ఎట్లొచ్చింది?" అని అందుకుంది. నేను రాసిన మాట కాదది.

తిమ్మప్ప కోడిని చూశాడు, తన ఇంటి తలుపును చూశాడు. మళ్లీ తువ్వాల మీదికి చేయి పోయింది. మధ్యలోనే ఆగింది. ఈసారి దులపలేదు. తువ్వాలను ఒళ్లో పెట్టుకొని, చిన్నకోడలు వనజ వైపు తిరిగి, "తప్పు నాది బిడ్డా. నిన్ను చూసిన మొదట్లనే నీదే తప్పని అనుకున్న. కోడిని ఎతకలే, నిన్ను అడగలే. తప్పు నాది" అన్నాడు.

వనజ ఏడ్చేసింది. అది నటన కాదని తర్వాత చెప్పింది. తిమ్మప్ప లేచి, కోడిని ఎత్తి నర్సమ్మ చేతికిచ్చి, "ఇద్దరు మాట్లాడుకుంట ఇంటికి పోండి. నేను గూడ మీ ఎనక జర దూరం వస్త" అని వాళ్ల వెంట నడిచాడు. ఇరవై నిమిషాల నాటకం పదిహేను నిమిషాల్లో అయిపోయింది. చప్పట్లు మిగతా ఐదు నిమిషాలూ నింపేశాయి.

నేను పోచయ్య కోసం చూశాను. మొదటి వరసలో ఉన్నాడు. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆయన తువ్వాల తీసి, దులిపి, మడిచి, మళ్లీ తీసి దులుపుతున్నాడు.

మాకు రెండో బహుమతి వచ్చింది. మొదటిది నాగర్‌కర్నూల్ జిల్లా నల్లమల పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లకు. తేనె తీయడానికి పోయినవాళ్లకు ఎలుగ్గొడ్డు ఎదురైన కథ వాళ్లది. మల్లమ్మ అనే ఆమె ఎలుగ్గొడ్డు వేసింది. ఆమె పేరు పిలిచినప్పుడు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది జమ్ములమ్మే. తర్వాత మేం వెతుక్కుంటే ఇద్దరూ హాలు మెట్ల మీద కూర్చొని ఉన్నారు, మీసమున్న తిమ్మప్ప, మొహాన ఇంకా నల్లరంగున్న ఎలుగు, చెరొక మిర్చి బజ్జీ తింటూ.

"దాన్ని చూసినప్పుడు ఉరుకుడే గద, ఇంత బాగ ఎట్ల నేర్చినవక్కా?" అని జమ్ములమ్మ అడుగుతోంది.

"ఉరికినంక చెట్టెక్కి ఎనక్కి చూసిన. అది గూడ ఉరుకుతుండె, అటు దిక్కుకు. అది భయపడ్డట్టు ఏసిన గంతే" అంది మల్లమ్మ. జమ్ములమ్మ ఆమె భుజం మీద చరిచి, ఆ ఉరుకు ఎట్లా ఉందో మెట్ల మీదే వేసి చూపించమంది. మల్లమ్మ బజ్జీ పక్కన పెట్టి చూపించింది. వ్యాను డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు.

వారం తర్వాత నర్సింహులు ఒక వార్త మోసుకొచ్చాడు. పోచయ్య ప్రభుదాసు ఇంటికి పోయాడట. దర్వాజ దాటి లోపలికి పోయి, బాయి పంచాయితీలో తప్పు తనదేనని చెప్పాడట. ప్రభుదాసు చాయ్ పోస్తూ, "ఏ బాయి పెద్దనాయినా? అది పూడ్సి పదిహేనేండ్లాయె. నాకు యాది గూడ లేదు" అన్నాడట. ముప్పై ఏళ్లు తను మోసినది ఎదుటివాడికి గుర్తే లేదని పోచయ్యకు చిర్రెత్తుకొచ్చి, అక్కడే కొత్తగా గొడవ పెట్టుకున్నాడట. ఇప్పుడు ఆయన రోజూ సాయంత్రం ప్రభుదాసు అరుగు మీదే ఉంటున్నాడు.

గద్వాల సమాఖ్య వాళ్లు వచ్చే దసరాకు మరో నాటకం అడిగారు. బడి మానేస్తానని మొండికేసిన తొమ్మిదేళ్ల పిల్ల కథ రాశాను. ఆ పిల్ల వేషం ఎవరు వేయాలో ఈసారి నేనే తేల్చుకోలేక జమ్ములమ్మను సలహా అడిగాను.

"నేనేస్త" అంది.

"అక్కా, తొమ్మిదేళ్ల పిల్ల! నువ్వు ఆరడుగులున్నావు."

"తొమ్మిదేండ్లు ఒంట్ల ఉండవు మేడం" అంది, ఇంకేం చెప్పకుండా గిన్నెలు కడగడానికి పోయింది.

ఈ రోజు మధ్యాహ్నం అన్నాల తర్వాత మూడో తరగతి కిటికీలోంచి చూశాను. బడి ముందు మట్టిలో గీతలు గీసి ఆడపిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుతున్నారు. వరసలో ఐదోది జమ్ములమ్మ. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకొని, ఒంటికాలి మీద నిలబడి, నాలుక కొంచెం బయటపెట్టి, బిళ్లను గురి చూస్తోంది. విసిరింది. గెంతింది. మూడో గడిలో కాలు గీత మీద పడింది.

"అవుటు! జమ్ములమ్మ అమ్మమ్మ అవుటు!" అని పిల్లలు అరిచారు.

"నేను తొక్కలే! ఒట్టు, తొక్కనే లే!" అని నడుం మీద చేతులు పెట్టుకొని, కాలు నేలకేసి కొట్టి, మూతి ముడిచింది జమ్ములమ్మ. పిల్లలు ఒక్కరూ తగ్గలేదు. ఆమె కూడా తగ్గలేదు. గంట కొట్టాల్సిన టైము దాటిపోయింది గానీ, ఆ గొడవ తేలేదాకా నాకు గంట కొట్టబుద్ధి కాలేదు.